రావాలా అని కాదు, రావచ్చా అని

కొన్నేళ్ల క్రితం ఒక శుక్రవారం, జుమా నమాజు ముగించుకొని బయటికి వస్తుండగా మస్జిద్ మెట్ల దగ్గర ఒక సోదరుడు మమ్మల్ని ఆపి ఒక మస్అలా అడిగారు. ఆయన కుమారునికి పదకొండేళ్లు. పుట్టుకతోనే కాళ్లలో సత్తువ లేదు. చక్రాల కుర్చీయే ఆధారం. "మౌలానా సాబ్, మావాడు జుమాకు వస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?" అన్నారు.

మేము చదివిన చదువు వెంటనే నోటికి వచ్చింది. బాలుడు ఇంకా యుక్తవయస్సుకు రాలేదు, పైగా నడవలేడు. కాబట్టి అతనిపై జుమా విధి కాదు. ఇంట్లోనే కూర్చొని జుహర్ నమాజు చేసుకోవచ్చు. షరీఅత్ సౌలభ్యం ఇచ్చినప్పుడు మీరెందుకు శ్రమపడతారని ఎంతో ఆప్యాయంగానే చెప్పాము.

ఆ సోదరుడు తల ఊపి రెండు మెట్లు దిగారు. మళ్లీ వెనక్కి తిరిగి, "వాడు రావాలా అని అడగలేదు మౌలానా సాబ్, రావచ్చా అని అడిగాడు" అని వెళ్లిపోయారు. గేటు బయట ఆటోలో ఆ బాలుడు కూర్చొని ఉన్నాడు. తెల్లని కుర్తా, తలపై టోపీ. స్నానం చేసి, అత్తరు పూసుకొని సిద్ధమై వచ్చాడు.

మేము ఇచ్చిన సమాధానంలో ఫిఖ్హ్ పరంగా తప్పు లేదు. కాని అతను అడిగిన ప్రశ్నకు అది సమాధానం కాదు. ఈ వ్యాసం ఆ బాలునికి మేము బాకీపడిన సమాధానమే.

ఒక తండ్రి, ఒక కుమారుడు, 6,000 కిలోమీటర్లు

ఇలాంటి ప్రశ్ననే చాలా ఏళ్ల క్రితం అమెరికాలో ఒక కుర్రవాడు తన తండ్రిని అడిగాడు. వారు ముస్లిములు కారు. అయినా వారి జీవితంలో మన ఇళ్లకు పనికివచ్చే విషయం ఉన్నది గనుక ఇక్కడ వివరంగా చెబుతున్నాము.

మసాచుసెట్స్ రాష్ట్రంలో 1962 జనవరిలో డిక్ హోయ్ట్, జూడీ దంపతులకు మొదటి సంతానంగా రిక్ పుట్టాడు. ప్రసవ సమయంలో బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడంతో బిడ్డ మెదడుకు ప్రాణవాయువు అందలేదు. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, మాట రాలేదు. ఈ వ్యాధిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అంటారు. బిడ్డలో ఎదుగుదల ఉండదు, ఏదైనా ఆశ్రమంలో వదిలిపెట్టండని వారు సలహా ఇచ్చారు. తల్లిదండ్రులు వినలేదు. తాము గదిలో ఎటు కదిలితే బిడ్డ కళ్లు అటే తిరగడం వారు గమనించారు. లోపల ఒక మనిషి మేలుకొని ఉన్నాడని నమ్మి ఇంటికి తెచ్చుకున్నారు.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలోని ఇంజనీర్లు 1972లో ఆ బాలుని కోసం ఒక యంత్రాన్ని తయారుచేశారు. తెరపై అక్షరాలు వరుసగా వెలుగుతూ ఉంటాయి. కావలసిన అక్షరం రాగానే అతను తలతో ఒక మీటను తాకాలి. అలా ఒక్కొక్క అక్షరమే కూర్చుకొని మాట చెప్పాలి. మొదటి మాట ఏమై ఉంటుందా అని ఇల్లంతా ఎదురుచూసింది. 'అమ్మా' అంటాడేమో, 'నాన్నా' అంటాడేమో అనుకున్నారు. అతను మాత్రం ఆ ఏడాది ఫైనల్ ఆడుతున్న తమ నగరపు ఐస్ హాకీ జట్టును ప్రోత్సహిస్తూ, 'పదండి బ్రూయిన్స్' అనే అర్థం వచ్చే మాట కూర్చాడు. పదేళ్లపాటు ఎవరికీ ఒక్క మాట చెప్పలేకపోయిన ఆ బాలుడు, ఇంట్లో అందరూ చూస్తున్న ఆటను తానూ అంతే శ్రద్ధతో చూస్తూ వచ్చాడన్నమాట! అయినా మామూలు పిల్లల ప్రభుత్వ పాఠశాలలో అతనికి చోటు దొరికింది 1975లోనే. అప్పటికి అతనికి 13 ఏళ్లు. ఆ తలుపు తెరిపించడానికి తల్లి జూడీ చేసిన పోరాటం చిన్నది కాదు.

రిక్‌కు 15 ఏళ్లు వచ్చిన 1977లో, ప్రమాదంలో పక్షవాతానికి గురైన ఒక క్రీడాకారుని సహాయార్థం ఐదు మైళ్ల పరుగు జరుగుతున్నదని తెలిసింది. తానూ పాల్గొంటానని తండ్రితో అన్నాడు. జీవితం చక్రాల కుర్చీలోనే అయినా బతుకు ఆగిపోలేదని ఆ క్రీడాకారునికి చూపించాలని అతని కోరిక. తండ్రికి అప్పటికి 36 ఏళ్లు. సైనికోద్యోగి, కాని పరుగు అలవాటు లేదు. అయినా కుర్చీని తోస్తూ ఐదు మైళ్లూ పరుగెత్తాడు. చివరివారికి ఒక్క అడుగు ముందుగా గమ్యం చేరారు. ఆ తర్వాత రెండు వారాలపాటు ఒళ్లు హూనమై, తానే వికలాంగుడినయ్యానని తండ్రి చెప్పుకున్నాడు. కుమారుడు మాత్రం ఆ రాత్రే తన యంత్రంపై అక్షరాలు కూర్చి, పరుగెత్తుతున్నంతసేపూ తనకు వైకల్యమున్నట్లే అనిపించలేదని తండ్రికి తెలియజేశాడు.

ఆ ఒక్క మాట ఆ తండ్రి జీవితాన్ని మలుపు తిప్పింది. బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు పెడితే నిర్వాహకులు ఒప్పుకోలేదు. 1981లో అనుమతి లేకుండానే పరుగెత్తారు. కుమారుని వయోవర్గానికి నిర్ణయించిన సమయంలో, అంటే 2 గంటల 50 నిమిషాలలోపు, మరో మారథాన్‌ను పూర్తిచేస్తే చూద్దామన్నారు. నలభై దాటిన తండ్రి 1983లో వాషింగ్టన్‌లో కుర్చీని తోస్తూ 2 గంటల 45 నిమిషాలలోనే 42 కిలోమీటర్లు ముగించాడు. అలా వారికి ద్వారం తెరుచుకున్నది. తర్వాత ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పోటీలలో దిగారు. తండ్రికి అప్పటికి ఈత రాదు; కొడుకు కోసం నేర్చుకున్నాడు. నీటిలో కొడుకును పడవలో కూర్చోబెట్టి తాడుతో లాగాడు. సైకిలుకు ముందు భాగాన ప్రత్యేకమైన ఆసనం అమర్చాడు.

1992లో ఇద్దరూ దేశాన్నే దాటారు. పసిఫిక్ తీరాన కాలిఫోర్నియాలో బయలుదేరి అట్లాంటిక్ తీరాన ఉన్న బోస్టన్ వరకు, కొంత సైకిలు మీద, కొంత పరుగుతో 3,735 మైళ్లు, అంటే 6,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించారు. 45 రోజులు పట్టింది. ఒక్కరోజు కూడా విరామం తీసుకోలేదు. సగటున రోజుకు 130 కిలోమీటర్లకు పైమాటే. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు ఉన్న దూరానికి కొంచెం తక్కువ. దానిని రోజూ, నెలన్నరపాటు, ముప్పై ఏళ్ల కొడుకు బరువును ముందు పెట్టుకొని, యాభై దాటిన తండ్రి పూర్తిచేశాడు. మరుసటి ఏడాది, 1993లో, రిక్ బోస్టన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నాడు. ఆశ్రమంలో వదిలేయమని సలహా వచ్చిన బిడ్డ అతనే!

ఇందులో మరొక సంగతి ఉన్నది. 2003లో తండ్రికి స్వల్పంగా గుండెపోటు వచ్చింది. ఒక ధమని 95 శాతం మూసుకుపోయి ఉన్నది. ఇంత దృఢమైన శరీరం లేకపోతే మీరు పదిహేనేళ్ల క్రితమే పోయి ఉండేవారని వైద్యులు చెప్పారు. తాను మోస్తున్నానని అనుకున్న కుమారుడే తనను మోశాడని ఆ తండ్రికి అప్పుడు తెలిసింది. మనలోని బలహీనుల మూలంగానే మనకు సహాయమూ ఉపాధీ లభిస్తున్నాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హజ్రత్ సఅద్ (రజి)కు బోధించిన హదీసును బుఖారీ గ్రంథంలో ఎన్నోసార్లు పాఠం చెప్పాము. ఈ సంఘటన చదివిన తర్వాత ఆ హదీసు మాకు మళ్లీ కొత్తగా అర్థమైంది.

రుఖ్సత్ దేనికి ఇచ్చారు?

ఇప్పుడు మన మస్జిద్ మెట్ల దగ్గరికి వద్దాం. అంధునిపై, కుంటివానిపై, రోగిపై నింద లేదని అల్లాహ్ తన గ్రంథంలో ఒకటికి రెండుసార్లు తెలియజేశాడు. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు తెలిపారు. దీనినే మనం రుఖ్సత్ అంటాము. ఇది అల్లాహ్ తన దాసునికి ఇచ్చిన సౌలభ్యం. ఆ సౌలభ్యం అతని హక్కు. దానిని వాడుకోవాలో, శ్రమకోర్చి జమాత్‌కు రావాలో నిర్ణయించుకోవలసినవాడు అతను. అతని రుఖ్సత్‌ను సాకుగా చూపి మన మెట్లను అలాగే ఉంచుకునే హక్కు మనకు ఎవరిచ్చారు?

సహాబాల కాలం ఎలా ఉండేదో చూడండి. నడవలేని మనిషిని ఇద్దరి భుజాల మధ్య ఆనించి తీసుకువచ్చి సఫ్‌లో నిలబెట్టేవారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మసూద్ (రజి) చెప్పిన ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. దైవప్రవక్త (స) తమ చివరి వ్యాధిలో ఇద్దరి సాయంతో, పాదాలు నేలను రాసుకుంటుండగా మస్జిద్‌లోకి వచ్చారు. హజ్ సమయంలో హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తమకు ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నప్పుడు, వాహనంపై కూర్చొని జనం వెనుక నుంచి తవాఫ్ చేయమని ఆదేశించారు. నడిచేవారికీ, మోయబడేవారికీ ఒకే ప్రాంగణంలో చోటు చూపించారు. నేడు హరమ్ షరీఫ్‌లో సఫా మర్వాల మధ్య చక్రాల కుర్చీలకు ప్రత్యేకంగా దారి ఉన్నది. అక్కడ ఉన్న దారి మన వీధి మస్జిద్‌లో ఎందుకు లేదు?

మరొక హదీసు తల్లిదండ్రుల కోసం. ప్రయాణంలో ఒక స్త్రీ తన బిడ్డను పైకెత్తి, వీడికి కూడా హజ్ ఉంటుందా అని దైవప్రవక్త (స)ను అడిగింది. ఉంటుందని, నీకూ పుణ్యఫలం ఉంటుందని వారు సమాధానమిచ్చారు. పసిబిడ్డపై హజ్ విధి కాదని వారికి తెలియదా? తెలుసు. కాని ఆ తల్లి విధి గురించి అడగలేదు. బిడ్డకు అందులో భాగం ఉంటుందా అని అడిగింది. అడిగిన ప్రశ్నకే వారు సమాధానమిచ్చారు. మెట్ల దగ్గర నిలబడి మేము చేయలేకపోయిన పని అదే.

ఇంట్లో మొదలుకావలసిన ప్రయాణం

ఇలాంటి పిల్లలున్న ఇళ్లకు వెళ్లినప్పుడు మేము గమనించిన విషయాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, బరువంతా తల్లి నడుము మీదే పడుతుంది. స్నానం, మరుగుదొడ్డి, బట్టలు, తిండి, బడి అన్నీ ఆమెవే. బిడ్డ పెరిగేకొద్దీ ఎత్తడం కష్టమవుతుంది, చివరికి బయటికి తీసుకుపోవడమే మానేస్తారు. తండ్రులు ఈ విషయంలో తమను తాము ప్రశ్నించుకోవాలి. డిక్ హోయ్ట్ చేసినట్లు 6,000 కిలోమీటర్లు వెళ్లమని ఎవరూ అడగడం లేదు. అసర్ తర్వాత చెరువుగట్టు వరకు, ఆదివారం బజారు వరకు, పెదనాన్న ఇంటి వలీమా వరకు తోసుకు వెళితే చాలు. వారానికి ఒక్కరోజైనా ఆ కుర్చీ పిడి తండ్రి చేతిలో ఉండాలి.

రెండవది, బంధువుల నోటి మాట. ఏ పాపం చేశారో అని ఒకరు, దిష్టి తగిలిందని మరొకరు, ఫలానా చోట తావీజు కట్టించమని ఇంకొకరు. ఒకరి భారం మరొకరు మోయరని ఖుర్ఆన్ పదేపదే చెబుతుంటే, తల్లిదండ్రుల పాపాన్ని బిడ్డ కాళ్లపై మోపడం ఏ ధర్మం? పరీక్ష వేరు, శిక్ష వేరు. ఆ ఇంటికి వెళ్లినప్పుడు నిట్టూర్చకండి. బిడ్డ పేరు పెట్టి పిలిచి సలాం చేయండి. అతని గురించి తల్లిని అడగడం మాని, అతనినే అడగండి.

మూడవది, పుణ్యం పేరుతో జరిగే పొరపాటు. ఈ బిడ్డ మీకు స్వర్గానికి దారి అని తల్లిదండ్రులను ఓదారుస్తాము. సహనానికి గొప్ప ప్రతిఫలం ఉన్నదన్నది సత్యమే. కాని ఆ బిడ్డ మన పుణ్యానికి పనిముట్టు కాదు. అతనికి తన ఇష్టాలున్నాయి, తన ఈమాన్ ఉన్నది, అల్లాహ్ ముందు తన స్థానం ఉన్నది. పరుగుకు పోదామని మొదట అడిగింది రిక్ అని మరవకండి. తండ్రి కాళ్లు ఇచ్చాడు, దారి ఎంచుకున్నది కుమారుడు.

ఇక ప్రపంచ సంబంధమైన ఏర్పాట్లలో అలసత్వం తగదు. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. పింఛనుకైనా, ఉపకరణాలకైనా మొదట అడిగేది దానినే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉన్నది. తోటి పిల్లలతో కలిసి చదివించాలన్నదే ఆ చట్టం ఉద్దేశం. మన మక్తబ్‌లకూ మద్రసాలకూ ఈ స్ఫూర్తి వర్తించదా? మేము పాఠం చెప్పే తరగతి పై అంతస్తులో ఉండేది. దానిని కిందికి మార్చడానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అయినా ఆలోచన రావడానికి మాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ముప్పై అడుగుల దారి

ఆ శుక్రవారం తర్వాత మేము మస్జిద్ కమిటీ ముందు విషయం పెట్టాము. అభ్యంతరాలు వచ్చాయి. ఒక్కరి కోసం ఇంత ఖర్చా అన్నారు ఒకరు. ముందు భాగం అందం చెడుతుందన్నారు మరొకరు. కుర్చీ చక్రాలకు వీధి మురికి ఉంటుంది, జానమాజు అపవిత్రమవుతుంది అన్నారు పెద్దాయన ఒకరు. ఈ మూడవ అభ్యంతరం శ్రద్ధతో అడిగినది గనుక వివరంగా సమాధానం చెప్పాము. అనుమానంతో నిశ్చయం తొలగిపోదన్నది ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన సూత్రం. వీధిలోని ఎండు దుమ్ము అపవిత్రం కాదు. చక్రాలకు మాలిన్యం అంటిందని తెలిస్తే గుమ్మం దగ్గర నీటితో కడిగి తుడిస్తే సరిపోతుంది. అందుకు ఒక బకెట్టు, రెండు గుడ్డలు చాలు. కుర్చీ ఎక్కడ పెట్టాలన్నది కూడా అడిగారు. నమాజు మొత్తం కూర్చొనే చేసేవారి కుర్చీ వెనుక భాగం సఫ్‌లో నిలబడినవారి మడమలకు సమానంగా ఉండాలని, వెనుక సఫ్‌కు ఇబ్బంది కలగకుండా సఫ్ చివర చోటిస్తే మేలని ఉలమా చెబుతారు.

మెట్లు ఐదు. ఒక్కొక్కటి ఆరు అంగుళాలు. మొత్తం ఎత్తు రెండున్నర అడుగులు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్నది ర్యాంపుకు నియమం. అంటే 30 అడుగుల వాలు కావాలి. ఇంతకంటే నిటారుగా కడితే ఎక్కేటప్పుడు తోసేవారికి ప్రాణం పోతుంది, దిగేటప్పుడు కుర్చీ చేయి జారుతుంది. మాకు అంత నేరుగా చోటు లేదు గనుక మధ్యలో మలుపు తిప్పి, మలుపు దగ్గర చదునుగా ఉంచి, నాలుగడుగుల వెడల్పుతో, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలతో కట్టించాము. వజూఖానాలో ఒక కుళాయిని కూర్చున్నవారి చేతికి అందేలా అమర్చాము. ఇదంతా పూర్తికావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ప్రతి శుక్రవారం నలుగురు యువకులు వంతులవారీగా ఆ కుర్చీని బాలునితో సహా ఎత్తి లోపలికి తెచ్చారు. సిమెంటు కంటే ముందు దారి వేసింది వారే.

ర్యాంపు పూర్తయిన మొదటి వారం దానిమీద నడిచినవారిని లెక్కపెట్టాము. మోకాళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి ఇంట్లోనే నమాజు చేసుకుంటున్న ముగ్గురు వృద్ధులు వచ్చారు. కాలికి కట్టు కట్టుకున్న ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. ఒక్కరి కోసం ఇంత ఖర్చా అన్న సోదరుని తండ్రిగారే ఆ వృద్ధులలో ఒకరు. ఆ సోదరుడు మాతో ఏమీ అనలేదు, మేమూ ఏమీ అనలేదు. తండ్రి చేయి పట్టుకొని మెల్లగా పైకి తీసుకువెళ్లారు.

డిక్ హోయ్ట్ 2021లో, రిక్ 2023లో మరణించారు. నీ తండ్రికి ఏమివ్వాలని ఉందని అడిగితే, ఒక్కసారి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి తాను తోయాలని ఉందని రిక్ కోరుకున్నాడట. మనందరం ఏదో ఒకనాడు ఆ కుర్చీ దగ్గరికి చేరవలసినవాళ్లమే. వృద్ధాప్యం ఎవరినీ మెట్ల దగ్గర మినహాయించదు. నేడు మనం కట్టే దారిపైనే రేపు మనల్ని ఎవరో తోసుకు వస్తారు.

ఆ బాలుడు ఇప్పుడు యుక్తవయస్కుడయ్యాడు. మొదటి సఫ్‌లో కుడివైపు చివరన అతని చోటు. ఈ మధ్య ఒక శుక్రవారం ఖుత్బా మొదలయ్యే సమయానికి అతను రాలేదు. నమాజు ముగియగానే ముగ్గురు వేర్వేరుగా అతని ఇంటికి ఫోను చేశారట. జ్వరమని తెలిసి సాయంత్రానికి పండ్లు పట్టుకొని వెళ్లారు. ఒక మనిషి రాకపోతే తెలుసుకునే జమాత్, ఆ మనిషికి చోటిచ్చిన జమాత్ అని అప్పుడు అనుకున్నాము.

మీ మస్జిద్‌కు, మీ మద్రసాకు, మీ ఇంటికి ఎన్ని మెట్లున్నాయో ఈ శుక్రవారం ఒకసారి లెక్కపెట్టండి. ఆ మెట్ల కింద ఎవరైనా రావచ్చా అని అడుగుతున్నారేమో వినండి.

అల్లాహ్ మన చేతులను బలహీనులకు ఆసరాగా, మన ఆరాధనాలయాలను అందరికీ అందుబాటుగా చేయుగాక. తమ బిడ్డలను మోస్తున్న తల్లిదండ్రుల శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.